జేన్ ఎయిర్ థోర్న్‌ఫీల్డ్ వదిలి వెళ్ళేటప్పుడు జీతం ఎందుకు అడగలేదు?

గోదారిగట్టు
షార్లెట్ బ్రాంటీ నవల జేన్ ఎయిర్ మళ్ళీ చదువుతున్నాను. జేన్ థోర్న్‌ఫీల్డ్ అనే పెద్దింట్లో గవర్నెస్, అంటే ఆ ఇంట్లోనే ఉండి పిల్లకు చదువు చెప్పే టీచరు. ఎప్పుడు చదివినా ఒక్కచోట మాత్రం జేన్ మీద కోపం వస్తుంది. ఆ ఇంటి యజమాని రోచెస్టర్‌తో పెళ్ళి చర్చిలో ఆగిపోయింది. రోచెస్టర్ భార్య అదే ఇంట్లో మూడో అంతస్తులో బతికే ఉందని బయటపడింది. ఇల్లు వదిలి వెళ్ళాలనుకుంది, మంచిదే. కానీ చేతిలో ఇరవై షిల్లింగులతోనా వెళ్ళడం? అంటే ఒక్క పౌండు!

లెక్క చూడండి. ఏడాదికి 30 పౌండ్ల జీతం మీద అక్టోబరులో చేరింది. మే నెలలో, చావుబతుకుల్లో ఉన్న రీడ్ అత్తను చూడ్డానికి సెలవడిగింది. అప్పటికి ఆయన ఇవ్వాల్సింది 15 పౌండ్లు. ముందు యాభై పౌండ్ల నోటు తీశాడు, తన దగ్గర చిల్లర లేదని ఈవిడ వద్దంది. చివరికి పది ఇస్తే, ఇంకా ఐదు బాకీ ఉన్నారని ఈవిడే గుర్తు చేసింది. ఆ ఐదు తీర్చినట్టు నాకెక్కడా కనిపించలేదు. తర్వాత నడివేసవి దాటేదాకా అక్కడే ఉంది. ఎంత లేదన్నా పది పౌండ్ల కష్టార్జితం ఆ ఇంట్లో ఉండిపోయింది. అది చేతిలో ఉంటే బండి దిగిన విట్‌క్రాస్ దగ్గర తిండిలేక తిరిగే అవసరమే లేదు. పైసాకి లెక్క చెప్పే పిల్ల ఇంత జీతం ఎందుకు వదిలేసినట్టు?

పుస్తకాలపురుగు
వెళ్ళిపోయే తెల్లవారుజామున ఆయన గది ముందు నుంచే నడిచింది కదండీ. లోపల ఆయన నిద్రపోకుండా అటూ ఇటూ తిరగడం వినిపిస్తూ ఉంటుంది. ఆ తలుపు తడితే ఇక వెళ్ళలేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

గోదారిగట్టు
తలుపు తట్టక్కర్లేదు. ఇల్లు చూసుకునే ఫెయిర్‌ఫాక్స్ గారికి ఒక చీటీ రాసి పెట్టొచ్చు, నా జీతం ఫలానా చోటికి పంపండి అని.

పుస్తకాలపురుగు
ఫలానా చోటు అని రాస్తే ఆయన వెంటనే గుర్రమెక్కి అక్కడికే వస్తాడు.

చిన్ని_ఎమ్మే
మాకు ఈ నవల సిలబస్‌లో ఉంది. క్లాసులో అందరం ప్రేమకథ అనే చదివాం. జీతం లెక్క ఎవరూ ఎత్తలేదు. ఇంకా రాయండి, నాకు పనికొస్తుంది.

టీచరమ్మ
నేను పెళ్ళికి ముందు ఒక పెద్దింటివాళ్ళ పిల్లలకి వాళ్ళింటికే వెళ్ళి చదువు చెప్పేదాన్ని. ఆ ఇంట్లో నా స్థానం ఏమిటో నాకే తెలిసేది కాదు. వంటమనిషితో కూర్చుని కాఫీ తాగితే ఆవిడ మొహమాటపడేది, "మీరు టీచరు కదమ్మా, ఇక్కడెందుకు" అని. హాల్లో కూర్చుంటే ఇంటివాళ్ళు ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉండేవాళ్ళు. అందుకని పిల్లల గదిలోనే ఒక్కదాన్నీ తాగేదాన్ని. ఆ ఇంటి బంధువొకడి ప్రవర్తన నచ్చక ఒక రోజు మానేశాను. రావాల్సిన జీతం కోసం మళ్ళీ ఆ గేటు తియ్యలేదు. మా అమ్మ తిట్టింది, నాన్న వెళ్ళి అడుగుతానన్నాడు, నేనే వద్దన్నాను. డబ్బు అవసరం లేక కాదు. ఆ గుమ్మం ముందు నిలబడి అడిగే శక్తి లేక.

కాబట్టి గోదారిగట్టు గారూ, జేన్ అమాయకత్వంతో వదిలేసిందని నేననుకోను. ముందు రోజు దాకా తనను పెళ్ళి చేసుకోబోతున్న మనిషి దగ్గరికి వెళ్ళి "నా మూడు నెలల జీతం" అని ఎలా అడుగుతుంది? ఏ హోదాలో అడుగుతుంది?

నిర్మొహమాటం
టీచరమ్మ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ వదిలేయడాన్ని ఆత్మగౌరవం అనడం నాకు నచ్చదు. ఇలా వదిలేసేవాళ్ళు ఉండబట్టే ఎగ్గొట్టేవాళ్ళు ధైర్యంగా ఉంటారు. గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనిచేసి చేతిలో ఏమీ లేకుండా తిరిగొచ్చిన ఆడవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. వాళ్ళెవరూ మర్యాద కోసం జీతం వదులుకోలేదు, అడిగే దారి లేక పోగొట్టుకున్నారు. జేన్‌కి అడిగే దారి ఉంది.

టీచరమ్మ
ఆత్మగౌరవం అన్న మాట నేను వాడలేదండీ. శక్తి లేకపోయిందన్నాను.

సాయంత్రం_రాగం
ఇంకొకటి గమనించండి. ఆయన ఇచ్చిన ముత్యాల హారాన్ని కూడా వదిలేసింది, అది తనది కాదు, గాల్లో కలిసిపోయిన ఆ పెళ్ళికూతురిది అనుకుని. తీసుకెళ్ళింది నాలుగు బట్టలు, ఒక లాకెట్, ఒక ఉంగరం. ఆ మూట కూడా బండిలోనే మర్చిపోయింది పాపం. బండివాడు అడిగింది ముప్ఫై షిల్లింగులు, ఈమె దగ్గరున్నది ఇరవై. అంత దూరం వెళ్ళే డబ్బు కూడా లేదన్నమాట. ఆ తర్వాత రొట్టె కోసం చేతిరుమాలు, గ్లవ్స్ ఇస్తానంటే దుకాణంలో ఆవిడ తీసుకోలేదు. ఒక పిల్ల పందులకు పారబోయబోతున్న చల్లటి జావ అడిగి తింది. రెండు రాత్రులు ఆరుబయటే పడుకుంది. ఈ అధ్యాయం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

లీడ్స్_రామం
నేను ఉండే చోటికి హావర్త్ దగ్గరే. అక్కడ షార్లెట్ బ్రాంటీ పెరిగిన పార్సనేజ్, అంటే చర్చి పాస్టరు ఇల్లు, 1928 నుంచి మ్యూజియం. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. ఇంటి ముందే సమాధులు, వెనకంతా మోర్లు, అంటే చెట్టూ చేమా లేని గాలి మైదానాలు. జేన్ తిరిగింది అలాంటి చోటే అని అక్కడ నిలబడితే తెలుస్తుంది. వేసవిలో కూడా స్వెట్టర్ కావాలి.

జీతం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. షార్లెట్ స్వయంగా గవర్నెస్‌గా చేసింది. 1839లో లోథర్స్‌డేల్‌లోని స్టోన్ గాప్ అనే ఇంట్లో కొన్ని నెలలు, 1841లో రాడన్‌లో ఒక కుటుంబం దగ్గర. ఆ రెండో చోట జీతం ఏడాదికి 20 పౌండ్లు, అందులో 4 పౌండ్లు బట్టలుతికించినందుకు పట్టుకునేవాళ్ళు. చేతికొచ్చేది 16. మొదటి ఇంటి నుంచి చెల్లెలు ఎమిలీకి రాసిన ఉత్తరంలో, గవర్నెస్‌ని ప్రాణమున్న, బుద్ధి ఉన్న మనిషిగానే లెక్కపెట్టరు, చెయ్యాల్సిన చాకిరీకి సంబంధించినంత వరకే ఆమె ఉన్నట్టు, అని వాపోయింది. పగలు పిల్లలు, రాత్రి కుట్టుపని. ఆఖరికి బొమ్మలకు బట్టలు కూడా ఈమే కుట్టాలి. తను 16 పౌండ్లు చూసిన మనిషి తన కథానాయికకు 30 రాసింది. నాకు ఆ అంకె చదివినప్పుడల్లా షార్లెట్ మీద ప్రేమ కలుగుతుంది.

లెక్కల_మాస్టారు
జేన్‌కి కూడా ఆ 30 పెద్ద ఎగబాకుడే. అంతకుముందు, తను చదువుకున్న లోవుడ్ స్కూల్లోనే టీచరుగా 15 పౌండ్లు. పేపర్లో ప్రకటన వేసుకుంటే వచ్చిన ఒకే ఒక్క జవాబు థోర్న్‌ఫీల్డ్ నుంచి, రెట్టింపు జీతంతో. ఇంకో జవాబు వచ్చి ఉంటే ఇంకో నవల అయ్యేది.

చిన్ని_ఎమ్మే
అప్పట్లో గవర్నెస్‌లకి అంత తక్కువ ఎందుకు ఇచ్చేవాళ్ళు? చదువుకున్నవాళ్ళే కదా?

లీడ్స్_రామం
చదువుకున్న ఆడపిల్లకు ఇంకో ఉద్యోగం లేదు కాబట్టి. తండ్రి చనిపోయినా, వ్యాపారం దెబ్బతిన్నా, మధ్యతరగతి అమ్మాయి మర్యాద పోకుండా చెయ్యగలిగింది అదొక్కటే. 1851 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్‌లో సుమారు 25 వేలమంది గవర్నెస్‌లు తేలారు. ఒక ఇంటికి పదిమంది పోటీపడితే జీతం ఎక్కడ పెరుగుతుంది? ముసలితనంలో ఏ ఆధారమూ లేనివాళ్ళ కోసం 1843లో గవర్నెసెస్ బెనెవొలెంట్ ఇన్‌స్టిట్యూషన్ అని ఒక సహాయ సంస్థే పెట్టాల్సి వచ్చింది. ఆ ప్రయత్నంలో నుంచే 1848లో లండన్‌లో క్వీన్స్ కాలేజీ వచ్చింది, వీళ్ళకు సరైన చదువు, సర్టిఫికెట్ ఉంటే విలువ పెరుగుతుందని. నవల వచ్చింది ఆ రెండిటికీ మధ్య, 1847 అక్టోబరులో, కరర్ బెల్ అనే మారుపేరుతో.

టీచరమ్మ
రోచెస్టర్ ఇంటికి అతిథులుగా వచ్చిన బ్లాంచ్ ఇంగ్రామ్ వాళ్ళు హాల్లో కూర్చుని గవర్నెస్‌లను నోటికొచ్చినట్టు అంటారే, జేన్ కిటికీ దగ్గర కర్టెన్ పక్కన కూర్చుని అంతా వింటూ ఉంటుంది. మా చిన్నప్పుడు డజను మందిని ఎలా ఏడిపించామో తెలుసా అని నవ్వుకుంటారు. వినిపిస్తుందని తెలుసు, అయినా ఆగరు. నేను ఎన్నో నవలలు చదివాను గానీ ఆ సీను దగ్గర మాత్రం పుస్తకం మూసి కాసేపు లేచి తిరిగాను.

వరంగల్_వకీలు
ఆ మాటలు నవల్లోనే ఆగలేదు. 1848 డిసెంబరులో క్వార్టర్లీ రివ్యూ అనే పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ ఈ నవలను దుమ్మెత్తిపోసింది. జేన్‌కి గర్వం ఎక్కువ, కృతజ్ఞత లేదు, దేవుడు పెట్టినచోట ఉండే వినయం లేదు అని. ఆ వ్యాసంలోనే ఆ గవర్నెస్‌ల సహాయ సంస్థ నివేదికను కూడా చర్చించింది. అంటే జేన్ నోరు విప్పడం వాళ్ళకు కథలో తప్పుగా మాత్రమే కనపడలేదు, ఇళ్ళల్లో ఉన్న నిజం గవర్నెస్‌లు కూడా ఇలా మాట్లాడితే ఎలా అన్న భయం అందులో ఉంది.

నిర్మొహమాటం
సరే. కానీ ఇంతకీ ఆ పెద్దమనిషి భార్యకు విడాకులిచ్చి పెళ్ళి చేసుకోవచ్చుగా? దొంగపెళ్ళి ఎందుకు?

వరంగల్_వకీలు
కుదరదు. 1857 చట్టానికి ముందు ఇంగ్లండ్‌లో విడాకులిచ్చే మామూలు కోర్టే లేదు. చర్చి కోర్టు విడిగా ఉండమని మాత్రమే చెప్పగలదు, మళ్ళీ పెళ్ళికి ఒప్పుకోదు. మళ్ళీ పెళ్ళి కావాలంటే పార్లమెంటులో మీ ఒక్కరి కోసం ఒక చట్టం చేయించుకోవాలి. బాగా డబ్బున్నవాళ్ళ పని. అక్కడ కూడా భార్య వ్యభిచారం నిరూపించాలి. మతిస్థిమితం లేకపోవడం విడాకులకు కారణంగా చట్టంలోకి వచ్చింది 1937లో! రోచెస్టరే ఒకచోట అంటాడు, డాక్టర్లు ఆమెకు పిచ్చి అని తేల్చాక చట్టపరంగా దారి మూసుకుపోయిందని. కాబట్టి అతని ముందు రెండే దారులు: ఒంటరిగా ఉండటం, లేదా అబద్ధం చెప్పడం. రెండోది ఎంచుకున్నాడు. దాని మీద నాకు జాలి లేదు. ఆ పెళ్ళి జరిగిపోయి ఉంటే, తర్వాత నిజం తెలిసిన రోజున జేన్‌కి పేరూ లేదు, హక్కూ లేదు.

సాయంత్రం_రాగం
ఆ భార్య బెర్తా గురించి ఎవరూ మాట్లాడరేం? జమైకా నుంచి తెచ్చి పదేళ్ళు పైగదిలో పెట్టాడు. ఆమెతో పాటు వచ్చిన కట్నం 30 వేల పౌండ్లు. మీరంతా జేన్ పది పౌండ్ల గురించి బాధపడుతున్నారు.

లెక్కల_మాస్టారు
30 వేలు అంటే జేన్ జీతం లెక్కన వెయ్యేళ్ళ జీతం.

పుస్తకాలపురుగు
ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. అప్పటి జమైకా సంపద అంటే చెరకు తోటలు, బానిసల చాకిరీ. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1833లో. బెర్తా వైపు కథను డొమినికాలో పుట్టిన జీన్ రైస్ 1966లో వైడ్ సర్గాసో సీ అని విడిగా రాసింది. జేన్ ఎయిర్ తర్వాత అది చదవకపోతే సగమే చదివినట్టు.

నిర్మొహమాటం
అలా అయితే జేన్‌కి వచ్చిన ఆస్తి మాత్రం? ఆమె బాబాయి మదీరాలో వ్యాపారి. బెర్తా పుట్టింటి కంపెనీకి అక్కడ ఏజెంటు కూడా అతనే. ఆ సంబంధం వల్లే కదా పెళ్ళి వార్త బెర్తా సోదరుడు మేసన్‌కి తెలిసి, లాయరు వచ్చి పెళ్ళి ఆపింది.

పుస్తకాలపురుగు
ఒప్పుకుంటాను. ఈ నవల్లో జీతం తప్ప మరకలేని డబ్బు కనిపించదు.

గోదారిగట్టు
పురుగు గారూ, ఈ మాట బాగా చెప్పారు. అందుకే నా గొడవ కూడా, ఆ మరకలేని డబ్బే వదిలేసి వెళ్ళింది కదా అని!

ఇప్పుడు ఆస్తి పంపకం దగ్గరికొద్దాం. బాబాయి ఇచ్చిన 20 వేల పౌండ్లు తనతో కలిపి నలుగురికీ సమానంగా, తలా ఐదు వేలు పంచేసింది. మిగిలిన ముగ్గురూ మేనత్త పిల్లలే, ఆకలితో గుమ్మంలో పడి ఉంటే లోపలికి తీసుకెళ్ళినవాళ్ళే. కానీ అంతా పంచాలా?

చిన్ని_ఎమ్మే
మా మేడం ఇది త్యాగం అని చెప్పారు.

టీచరమ్మ
త్యాగం కాదమ్మా చిన్నీ. ఆ ముగ్గురిలో అక్కచెల్లెళ్ళు డయానా, మేరీ ఏం పని చేస్తున్నారో గుర్తుందా? ఇద్దరూ గవర్నెస్‌లే. దక్షిణాన ఎక్కడో పెద్ద పట్నంలో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో. వాళ్ళ చదువు, వాళ్ళ తెలివి ఆ ఇళ్ళల్లో ఎవరికీ పట్టదని, వంటవాడి నేర్పునో పనిమనిషి నేర్పునో మెచ్చుకున్నట్టే వీళ్ళనూ చూస్తారని నవల్లోనే ఉంది. సెలవులకు ఇంటికొచ్చి, సెలవులైపోయాక ఏడుపు ఆపుకుంటూ వెళ్తారు. ఆ పని ఎలా ఉంటుందో జేన్‌కి ఒకరు చెప్పాలా? డబ్బు చేతికి రాగానే ఆమె చేసిన మొదటి పని ఇద్దరు గవర్నెస్‌లకి ఉద్యోగం మాన్పించి ఇంటికి తెచ్చుకోవడం. క్రిస్మస్‌కి వాళ్ళు వస్తున్నారని ఇల్లంతా కడిగించి, కొత్త సామాన్లు కొని, కేకులు చేయిస్తుంది చూడండి, నవల మొత్తంలో ఆమె అంత సంతోషంగా ఇంకెక్కడా ఉండదు. పెళ్ళిలో కూడా.

ప్రేమకథగా చదివితే ఈ భాగం సాగదీసినట్టుంటుంది, నిజమే. ఇంటింటికీ వెళ్ళి చదువు చెప్పిన మనిషిగా చదివితే నాకు నవలంతా ఇక్కడే ఉంది.

సాయంత్రం_రాగం
టీచరమ్మ గారూ, ఇన్నిసార్లు చదివినా నాకు ఇది తట్టలేదు. ఇవాళే ఆ అధ్యాయం మళ్ళీ తీస్తాను.

లెక్కల_మాస్టారు
ఆస్తి ఇంగ్లండ్ ప్రభుత్వ బాండ్లలో ఉందని నవల్లోనే ఉంది. అప్పట్లో వాటి మీద వడ్డీ 3 శాతం. ఐదు వేలకు ఏడాదికి 150 పౌండ్లు. అంటే కూర్చున్నచోట ఒక్క ఏడాదిలో ఐదేళ్ళ గవర్నెస్ జీతం. నలుగురికీ అదే. గోదారిగట్టు గారూ, పంచినా ఆమెకు లోటేమీ లేదు.

వరంగల్_వకీలు
లోటు తర్వాత వస్తుంది. థోర్న్‌ఫీల్డ్ తగలబడి బెర్తా చనిపోయాక జేన్ రోచెస్టర్ దగ్గరికి తిరిగొచ్చి, నాకిప్పుడు ఆస్తి ఉంది, ఎవరి మీదా ఆధారపడను అని గర్వంగా చెబుతుంది. పెళ్ళి చేసుకున్న మరుక్షణం, విడిగా ఒప్పందం రాసుకుని ఉంటే తప్ప, ఆ సొమ్ము చట్టప్రకారం భర్త చేతిలోకే పోతుంది. పెళ్ళైన ఆడదాని సంపాదన, ఆస్తి ఆమెకే చెందడం మొదలైంది 1870, 1882 చట్టాలతో. ఒప్పందం రాసుకున్నారో లేదో షార్లెట్ చెప్పలేదు.

నిర్మొహమాటం
ఆ ప్రమాదం వల్ల అప్పటికి ఆయనకు చూపు లేదు, ఎడమ చెయ్యి లేదు. చట్టం ఏమన్నా ఆ ఇంట్లో పెత్తనం ఎవరిదో తెలుస్తూనే ఉంది.

వరంగల్_వకీలు
రెండేళ్ళకు ఒక కంటికి చూపొచ్చింది సార్.

నెల్లూరు_ప్రభ
డయానా, మేరీల అన్న సెయింట్ జాన్ మాట ఎవరూ ఎత్తలేదు. మన దేశానికి మిషనరీగా వస్తూ జేన్‌ని పెళ్ళి చేసుకుని వెంట తెచ్చుకుందామనుకున్నాడు. అందుకోసం హిందుస్తానీ కూడా నేర్పించాడు. ఆమె ఏమంది? చెల్లెలిగా, సహాయకురాలిగా వస్తాను, భార్యగా రాను అంది. ఇండియా ఎండల్లో తను ఎక్కువకాలం బతకనని తెలిసి కూడా వస్తానంది. అతనికి మాత్రం భార్యే కావాలి. మా నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ మొదలైంది 1840లో, అంటే ఈ నవల కంటే ఏడేళ్ళ ముందు. ఆ రోజుల్లో అంతదూరం వచ్చిన తెల్ల ఆడవాళ్ళలో ఎంతమంది ఇష్టపడి వచ్చారో, ఎంతమందికి సెయింట్ జాన్ లాంటివాళ్ళు దేవుడి పేరు చెప్పి ఒప్పించారో అని ఆ అధ్యాయం చదివినప్పుడల్లా అనుకుంటాను. రోచెస్టర్ కంటే ఇతని దగ్గర నుంచి తప్పించుకోవడమే ఆమెకు కష్టమైంది. ఎందుకంటే ఇతను అబద్ధం చెప్పడు.

టీచరమ్మ
నెల్లూరు ప్రభ గారూ, దణ్ణం పెట్టాలి మీకు. అతను ఇవ్వజూపింది కూడా ఉద్యోగమే. జీతం లేనిది, మానేయడానికి వీల్లేనిది.

చిన్ని_ఎమ్మే
నాకు ఒక సందేహం. అదెల్ గతి ఏమైంది? జేన్ గవర్నెస్‌గా వచ్చిందే ఆ పిల్ల కోసం. పెళ్ళయ్యాక పిల్లను స్కూల్లో వేసేసింది. తను చదువు చెప్పొచ్చు కదా? నాకది స్వార్థం అనిపించింది.

పుస్తకాలపురుగు
భర్తను చూసుకోవడానికే టైమంతా సరిపోతోందని ఆమే రాసింది.

చిన్ని_ఎమ్మే
అదే కదండీ నా బాధ. టీచరుగా బతికిన మనిషి నర్సుగా మిగిలిపోయింది.

టీచరమ్మ
ఆ పేరా మళ్ళీ చూడు చిన్నీ. రోచెస్టర్ వేసిన స్కూలుకు జేన్ తిరిగొచ్చిన కొత్తలోనే వెళ్ళి చూసింది. పిల్ల పాలిపోయి, చిక్కిపోయి ఉంది. అక్కడి కట్టుబాట్లు ఆ వయసు పిల్లకు మరీ ఎక్కువని వెంటనే ఇంటికి తెచ్చేసింది. తనే చదువు చెబుదామనుకుంది, కుదరలేదు. అప్పుడు అంత కఠినంగా లేని స్కూలు, తను తరచూ వెళ్ళి చూసిరాగలిగేంత దగ్గర్లో వెతికి వేసింది. లోవుడ్‌లో మాడిన గంజి తాగి, స్నేహితురాలు హెలెన్ చావు చూసిన పిల్ల కాబట్టే అదెల్ ముఖం చూడగానే పసిగట్టింది. షార్లెట్ ఇద్దరు అక్కలు, మరియా, ఎలిజబెత్, కోవన్ బ్రిడ్జి స్కూల్లో జబ్బుపడి 1825లో చనిపోయారు. అప్పటికి షార్లెట్‌కి తొమ్మిదేళ్ళు. ఆ నాలుగు వాక్యాలు ఊరికే రాసినవి కావు.

చిన్ని_ఎమ్మే
ఇది నా అసైన్‌మెంట్‌లో పెట్టుకోవచ్చా అక్కా?

టీచరమ్మ
పెట్టుకో. కానీ ముందు 38వ అధ్యాయం నువ్వే చదివి, నీ మాటల్లో రాయి. నేను చెప్పానని రాయకు.

లీడ్స్_రామం
చిన్నీ, వీలైతే షార్లెట్ చెల్లెలు ఆన్ రాసిన ఆగ్నెస్ గ్రే కూడా చదువు. అదీ 1847లోనే, డిసెంబరులో వచ్చింది. ఆన్ ఒకే కుటుంబం దగ్గర ఐదేళ్ళు గవర్నెస్‌గా చేసింది. అందులో రోచెస్టర్ ఉండడు, పైగదిలో రహస్యం ఉండదు. ఉద్యోగమే ఉంటుంది, పొద్దున్నుంచి రాత్రి దాకా. ఎవరైనా చదివి ఉంటే దానికి వేరే చర్చ మొదలుపెడదాం.

గోదారిగట్టు
నేను మొదలుపెడతాను, ఆదివారం. అందులో జీతం ఎంతో ముందే చెప్పకండి.